వంకర బాణం

“తలుపు తియ్యి అక్కా. దాన్ని ముట్టుకోకు. పొరపాటున ఏదైనా నొక్కావంటే మొత్తం పోతుంది.”

తమ్ముడు తలుపు కొట్టడం ఇది ఐదోసారి. లోపల కత్తెరమ్మ గడియ వేసుకుని, కంప్యూటరు ముందుకు కుర్చీ లాక్కుని కూర్చుంది. లైబ్రరీ నుంచి పదకొండింటికి వచ్చిన మనిషి వచ్చినట్టే గదిలోకి దూరింది. చెప్పులు కూడా విప్పలేదు.

‘మొత్తం పోతుంది’ అన్న ఆ ఒక్క ముక్కతోనే వాడు రెండేళ్ళు ఆవిడను ఆ బల్ల దగ్గరికి రానివ్వలేదు. తమాషా ఏమిటంటే, బల్ల ఆవిడదే. ముప్ఫై ఏళ్ళు దాని మీద గుడ్డ పరిచి, సుద్దతో గీసి, కత్తిరించి, వీధివీధంతటికీ బట్టలు కుట్టింది. అందుకే కత్తెరమ్మ అయింది. చూపు మందగించి కుట్టు తగ్గించాక తమ్ముడు దాని మీద కంప్యూటరు తెచ్చి పెట్టాడు. ఆవిడ పేరున ఒక మెయిల్ కూడా తెరిచి, “నీకెవరు రాసినా నేను చదివి చెప్తాలే. నీకెందుకీ తలనొప్పి” అన్నాడు. ఆవిడ నమ్మింది. తొమ్మిదేళ్ళు చిన్నవాడు, చంకనేసుకుని తిప్పినవాడు చెప్తే నమ్మక ఏం చేస్తుంది?

“అక్కా, వినిపిస్తోందా?”

“వినిపిస్తోందిరా. కొట్టు. తలుపు విరిగితే వడ్రంగిని పిలుద్దాం.”

“నా ఫోన్లో నీ మెయిల్ తెరుచుకోవట్లేదు. పాస్‌వర్డ్ ఎవరు మార్చారు?”

“నేనే.”

బయట చప్పుడు ఆగింది. వాడికి ఆ సమాధానం మింగుడు పడలేదని తలుపు ఇవతల నుంచే తెలుస్తోంది.

పొద్దున లైబ్రరీలో అయిదో పాఠం. అరవై దాటిన వాళ్ళకని అక్కడ కంప్యూటరు నేర్పుతున్నారు. పక్క కుర్చీలో రిటైరైన బస్సు డ్రైవరు మౌసును రెండు చేతులా పట్టుకుని మలుపులు తిప్పుతుంటే, ఆవిడ నవ్వుకుంటూనే తన మెయిల్ తానే తెరిచింది. పాస్‌వర్డ్ తెలియదంటే లైబ్రేరియన్, “మీ ఫోనుకు అంకెలు వస్తాయి, అవి కొట్టి కొత్తది పెట్టుకోండి” అంది. పెట్టుకుంది. తర్వాత లైబ్రేరియన్ ‘పంపినవి’ అని ఉన్న చోట నొక్కించి, మీరు రాసిన ఉత్తరాలన్నీ ఇక్కడుంటాయని చెప్పింది.

“నేనెవరికీ రాయలేదండీ. ఖాళీగానే ఉంటుంది,” అంది కత్తెరమ్మ.

ఖాళీగా లేదు. ఒక్క ఉత్తరం ఉంది. పద్నాలుగు నెలల కిందటిది. ఆవిడ పేరుతో, ఆవిడ కూతురికి.

‘నీ ఉత్తరం అందినది. నీతో ఎట్టి సంబంధమును కొనసాగించుటకు ఇష్టము లేదు. ఇకమీదట ఇట్టి ఉత్తరములు రాయవలదని ఇందుమూలముగా తెలియజేయడమైనది. ఇట్లు, మీ అమ్మ.’

కన్నకూతురికి ఏ అమ్మ అయినా ఇందుమూలముగా అని రాస్తుందా? నీళ్ళ ఆఫీసులో ఇరవై తొమ్మిదేళ్ళు గుమాస్తాగిరీ వెలగబెట్టిన మహానుభావుడు తప్ప ఆ మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాదు. అయినా వాడొక పొరపాటు చేశాడు. కూతురి నుంచి వచ్చిన ఉత్తరాన్ని చెరిపేశాడు కానీ, జవాబు రాసినప్పుడు పాత ఉత్తరం కూడా దాని కింద అతుక్కుని వెళ్తుందని మరిచిపోయాడు. సన్నటి గీత పక్కన కూతురి మాటలు అలాగే ఉన్నాయి.

‘అమ్మా, మన వీధిలో ఒకరిని అడిగి నీ మెయిల్ తీసుకున్నాను. నిన్ను చూడాలని ఉంది. మామయ్య లేని పూట చెప్తే వస్తాను. గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళిపోతాను. ఎవరి చేతనైనా ఒక్క మాట రాయించు.’

ఏడేళ్ళుగా ఆ పిల్ల మొహం చూడలేదు. ఫోను నంబరు కూడా మార్చేసింది. “మూడుసార్లు రాశానక్కా, అది ఉలకలేదు పలకలేదు. మొండిది,” అని తమ్ముడు చెప్తే, ఈవిడ వంటగదిలోకి వెళ్ళి కళ్ళు ఒత్తుకుని వచ్చేది. వాడు ఓదార్చేవాడు కూడా. ఆ ఓదార్పు గుర్తొచ్చినప్పుడే కత్తెరమ్మకు ఒళ్ళు మండిపోయింది.

ఈసారి తలుపు మీద మెల్లగా కొట్టారు.

“వదినా, టీ తెచ్చాను. ఆయన్ని అవతలికి పంపేశాను.”

“పంపలేదు. వాడి ఊపిరి వినిపిస్తోంది.”

గుసగుసలు. చెప్పుల చప్పుడు దూరంగా వెళ్ళింది.

“ఇప్పుడు వెళ్ళారు,” అంది మరదలు.

“నీకు తెలుసా?”

టీ చల్లారిపోతుందంది మరదలు. ఆవిడ సంగతి అంతే. అబద్ధం ఆడదు, నిజం చెప్పదు.

“అడుగుతున్నది నిన్నే. తెలుసా, తెలియదా?”

“రాసినప్పుడు తెలియదు వదినా. తర్వాత తెలిసింది.”

“ఎప్పుడు?”

“నాలుగు నెలలైంది.”

“నాలుగు నెలలు నా ఎదురుగా కూర్చుని తిన్నావు. మొన్న నా మోకాళ్ళకు నూనె రాశావు.”

“రాశాను.”

“అప్పుడైనా చెప్పాలనిపించలేదా?”

“రోజూ అనిపించింది. ఆయనతో కాపురం చేసేది నేను కదా వదినా. నోరు రాలేదు.” కప్పూ సాసరూ నేలమీద పెట్టిన చప్పుడు. “నన్ను తర్వాత తిడుదురు గాని, ముందు అమ్మాయికి రాయండి. జరిగింది ఇదీ అని రెండు ముక్కలు రాయండి. ఆయన ఎక్కడికి పోతారు, ఇక్కడే పడి ఉంటారు. ఆ పిల్ల అక్కడ ఏమనుకుంటోందో.”

“దానికి రాయాలంటే చేతులు చల్లబడాలి. ఇప్పుడు కూర్చుంటే దాన్ని కూడా తిట్టేస్తాను. ముందు వీడి పని చూడాలి.”

“నోటితో చెప్పండి. తలుపు తీసి నాలుగు దులపండి.”

“నోటితో చెప్తే వాడు మాటకు మాట అంటాడు. ఏడుస్తాడు. చివరికి నేనే వాడి కళ్ళు తుడుస్తాను. యాభై ఏళ్ళ నుంచీ ఇదే వరస. ఉత్తరంతో కొట్టాడు, ఉత్తరంతోనే దెబ్బ తింటాడు. నాకు రాయడం రాదనుకున్నాడు కదూ.”

నన్నడిగితే మరదలు చెప్పిందే సబబు. పద్నాలుగు నెలలు దెబ్బ తగిలి ఉన్నది ఆ పిల్లకు, ముందు మందు రాయాల్సిందీ అక్కడే. కానీ కత్తెరమ్మకు కోపమొస్తే కత్తెర ఎటు తిరిగితే అటే గుడ్డ తెగుతుంది. ఎవరు చెప్పినా వినదు.

ఆవిడ కంప్యూటరు వైపు తిరిగింది. కీబోర్డు మీద తెలుగు అక్షరాలు లేవు కాబట్టి, లైబ్రేరియన్ ఇచ్చిన అక్షరాల స్టిక్కర్లు సంచీలోంచి తీసి ఒక్కొక్కటే అంటించుకుంది. దానికే పావుగంట పట్టింది. తర్వాత ‘పంపినవి’ తెరిచి ఆ ఉత్తరాన్ని మళ్ళీ ముందు పెట్టుకుంది.

లైబ్రేరియన్ మూడో పాఠంలో చెప్పింది ఆవిడకు బాగా గుర్తుంది. నోటుపుస్తకంలో రాసుకుంది కూడా. ‘ఉత్తరం తెరవాలి. కింద వంకర బాణం గుర్తు నొక్కాలి. ఆ ఉత్తరం రాసిన వాళ్ళకు జవాబు వెళ్తుంది.’

ఉత్తరం తెరిచే ఉంది. రాసింది తమ్ముడు. అందులో ఆవిడకు ఇసుమంత అనుమానం లేదు. వంకర బాణం నొక్కింది. తెల్లటి ఖాళీ వచ్చింది. దాని పైన ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిసి, సన్నగా, పేరు కాని ఏదో చిరునామా కూడా వచ్చింది. ఇంగ్లీషు ఆవిడకు రాదు. చిరునామాల పాఠం ఇంకా కాలేదు.

రాయడం మొదలుపెట్టింది.

కుడిచేతి చూపుడువేలు ఒక్కటే పనిచేసింది. అక్షరం వెతకడం, నొక్కడం, తలెత్తి చూడడం, మళ్ళీ వెతకడం. ఒత్తులు ఓ పట్టాన దొరకలేదు. మధ్యలో ఒకసారి వేలు ఎక్కువసేపు ఆనితే ఒకే అక్షరం వరసగా ఇరవై వచ్చింది. అన్నీ ఒక్కొక్కటే చెరిపింది. బయట తమ్ముడు మళ్ళీ వచ్చి, బతిమాలి, కసిరి, అలిసి, వెళ్ళాడు. ఆవిడ బదులు పలకలేదు. చేసింది వాడికీ తెలుసు, తనకూ తెలుసు, ఇక వివరాలెందుకు, వేలు నొప్పి దండగ అనుకుంది. గంటన్నరకు ఇంత అయింది.

‘నువ్వు పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నవి ఈ చేతులే. నీకు మొదటి చొక్కా కుట్టినవీ ఈ చేతులే. నువ్వు చేసిన పని నేను చచ్చేదాకా మరిచిపోను. మనిద్దరి మధ్య కుట్టు విప్పేశాను. దారం కూడా పారేశాను. ఇక నా కళ్ళబడకు.’

రెండుసార్లు చదువుకుంది. బాగుందనిపించింది. ఎప్పుడో ఒక పెళ్ళివారి కోటు రాత్రికి రాత్రి విప్పి కుట్టి, పొద్దున తొడిగి చూసినప్పుడు కూడా ఇంత బాగుందనిపించలేదు. పంపే బొత్తాం నొక్కింది. వెళ్ళిపోయినట్టు కింద చిన్న మాట కనిపించి మాయమైంది.

లేచి తలుపు తీసింది.

తమ్ముడు గోడకు ఆనుకుని నేలమీద కూర్చున్నాడు. తలుపు తెరుచుకోగానే లేచాడు. పక్కన మరదలు, చల్లారిన టీ.

“రా,” అంది కత్తెరమ్మ. “వచ్చి చూసుకో. మొత్తం పోయిందేమో.”

వాడు లోపలికి వచ్చాడు. స్క్రీను వైపు చూడలేదు. స్టిక్కర్లు అంటించిన కీబోర్డు వైపు చూశాడు.

“ఎందుకు చేశావురా?”

“కూర్చో అక్కా, చెప్తాను.”

“నిలబడే వింటాను.”

వాడు కొంచెంసేపు గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు ఆఫీసులో నేర్చుకున్నదే. పని చెయ్యని వాళ్ళందరికీ ఉంటుంది.

“ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు అక్కా నాది. ఒక్క ఫైలు మీద తేదీ ముందుకు జరిపి వేశాను. పై ఆఫీసరు వెయ్యమంటేనే వేశాను. విచారణకు వచ్చినవాడు టైపిస్టును పిలిచి అడిగాడు. టైపిస్టు నీ కూతురు. నేనే సిఫారసు చేసి పెట్టించిన ఉద్యోగం. ఏం చెప్పిందో నీకు తెలుసు.”

“నిజం చెప్పింది.”

“నిజమే చెప్పింది. నేను కాదన్నానా? ఆఖరి రోజు నేను లేవకముందే నా కుర్చీ అవతలికి లాగేశారు. గది గదంతా తలలు దించుకుంది. ఇది మాత్రం టకటకా టైపు కొట్టుకుంటూనే ఉంది. తల తిప్పలేదు.”

“అప్పుడు నేను నీ పక్షానే ఉన్నానురా. మేనమామ పరువు తీశావని దాన్ని ఇంట్లోంచి వెళ్ళగొట్టింది నేను కాదా? అది చాలలేదా నీకు?”

“చాలిందనే అనుకున్నాను. ఉత్తరం వచ్చేదాకా. అది మళ్ళీ వస్తుంది, నువ్వు కరిగిపోతావు, మూడో రోజుకు అది ఈ ఇంట్లో నడుస్తూ ఉంటుంది. నేను నా గదిలోంచి బయటికి రాకూడదు. అంతేగా?”

“దాని మీద కోపముంటే దాన్నే తిట్టు. నీ పేరుతో రాయి. నా పేరెందుకు పెట్టావు?”

“నా పేరుతో రాస్తే దానికి నొప్పి ఉండదు కదా.”

ఎంత తేలిగ్గా అన్నాడో. వాన వచ్చేలా ఉంది, గొడుగు తీసుకెళ్ళు అన్నట్టు. గుమ్మంలో మరదలు మొహం తిప్పేసుకుంది.

కత్తెరమ్మ వాడిని కొట్టలేదు. కొట్టాలని చెయ్యి లేచింది, దింపుకుంది. కుర్చీ వాడి వైపు తోసింది.

“కూర్చుని చదువు. నీకు జవాబు రాశాను. నీ ఉత్తరం కిందే ఉంది. గంటన్నర పట్టింది.”

వాడు కూర్చున్నాడు. చదివాడు. చదువుతున్నంతసేపూ ఆవిడ స్క్రీను చూడలేదు, వాడి మొహమే చూసింది. కింది పెదవి అదిరింది. మెడ దగ్గర నరం కదిలింది. ఆహా అనుకుంది. మరిచిపోకుండా చూసుకుంది. ఏడేళ్ళు ఏడిపించిన మొహం కదా, ఈ మాత్రం చూడడంలో తప్పులేదు.

చివరి మాట దాకా వచ్చి వాడు మళ్ళీ పైకి చూశాడు. చిరునామా ఉన్న చోటికి. అక్కడే చూపు ఆగిపోయింది.

అది వాడి చిరునామా కాదు. తన మెయిల్ పెట్టెలోంచి వెళ్ళిన ఉత్తరానికి తానే జవాబు రాస్తే, అది ఉత్తరం అందుకున్న మనిషికే వెళ్తుంది. ఆ ఉత్తరం ఎవరు కొట్టారో, ఎవరి పాపమో కంప్యూటరుకేం తెలుసు? అది కత్తెరమ్మ పేరున కూతురికి వెళ్ళిన ఉత్తరం. ఈ జవాబూ కత్తెరమ్మ పేరున కూతురికే వెళ్ళింది.

“అక్కా, ఇది...”

“నోరు మూసుకో. ఇవాళ మాట్లాడే వంతు నాది.”

“అది కాదక్కా, నువ్వు పంపింది...”

“నోరు మూసుకోమన్నాను. ఒక్క మాటన్నా వినను. చదివావు కదా, అంతే. రేపటి నుంచి నీ వంట వేరు, నా వంట వేరు. ఈ బల్ల నాది, నీ కాగితాలు తీసుకుపో.”

వాడు నోరు మూసుకున్నాడు.

రెండుసార్లు ప్రయత్నించాడని వాడు రేపు చెప్పుకుంటాడు. మరదలికి చెప్తాడు, వీధిలో చెప్తాడు. కానీ మూడోసారి ప్రయత్నించలేదు. అక్క చెయ్యి పట్టుకుని ‘ఇది నాకు కాదు, నీ కూతురికి వెళ్ళింది’ అంటే నాలుగు మాటలు. నాలుగు మాటలు చెప్పడానికి ఊపిరి ఆడని వాడేం కాదు. లేచి, కాగితాలు ఒద్దికగా పోగు చేసుకున్నాడు. అదిరిన పెదవి సర్దుకుంది. మొహంలోకి రంగు వచ్చింది. నాకు వాడికి ఆ క్షణంలో చెంప మీద ఒక్కటి ఇవ్వాలనిపించింది.

అదంతా సిగ్గే అనుకుంది కత్తెరమ్మ. గుమ్మంలోని టీ కప్పు అందుకుని, చల్లటి టీ నిలబడే తాగింది. ఏడేళ్ళలో అంత రుచిగా ఏదీ తాగలేదు.

“ఇప్పుడు చేతులు చల్లబడ్డాయా వదినా?” అంది మరదలు. “ఇప్పుడైనా అమ్మాయికి రాస్తారా?”

“రాస్తాను. కొంచెం వేలు నొప్పి తగ్గనీ. రమ్మని రాస్తాను. మామయ్య ఉన్న పూటే రమ్మని రాస్తాను. వీడు గుమ్మంలో నిలబడి చూడాలి, అది నా పక్కన కూర్చోవాలి.”

కంప్యూటరు చిన్నగా మోగింది.

పైవరసలో కొత్త ఉత్తరం, ముదురు నల్ల అక్షరాల్లో. కూతురి పేరును ఆవిడ ఇంగ్లీషులో కూడా గుర్తుపట్టగలదు. పొద్దుటి నుంచీ ఆ ఒక్క వరసనే కదా చూసింది.

“అమ్మో, చూశావా, ఎలా తెలిసిందో దానికి,” అంటూ కూర్చుంది. మొహం ఎలా వెలిగిపోయిందో చెప్పలేను. తానే తెరిచింది. వేలు అక్షరాల కింద జరుపుకుంటూ, పైకి చదివింది.

“అమ్మా, మొదటి ఉత్తరం వచ్చినప్పుడు అది మామయ్య రాశాడనుకున్నాను. నువ్వలా మాట్లాడవు. అమ్మకు సంగతే తెలియదు, తెలిస్తే రాయిస్తుంది అనుకుంటూ పద్నాలుగు నెలలు చూశాను. ఈ మెయిల్ అందుకే ఉంచాను.”

వేలు కింది వరసకు జరిపింది.

“ఇది మాత్రం నువ్వే రాశావు. కుట్టు విప్పేశాను, దారం పారేశాను అని ఇంకెవరూ అనరు. ఎంత కష్టపడి నేర్చుకుని రాసి ఉంటావో తెలుస్తూనే ఉంది. నీ కళ్ళబడను. ఈ మెయిల్ ఇప్పుడే తీసేస్తున్నాను.”

కత్తెరమ్మ మొదటి నుంచి మళ్ళీ చదివింది, ఈసారి పైకి కాదు. తర్వాత కింద అతుక్కుని ఉన్న తన ఉత్తరాన్ని, దాని కింద తమ్ముడి ఉత్తరాన్ని, దాని కింద గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళిపోతానన్న పిల్ల మాటల్ని చూసింది.

“ఇది దానికెందుకు వెళ్ళింది?” అంది. ఎవరినీ అడిగినట్టు లేదు.

తమ్ముడు కాగితాలు బల్ల మీద పెట్టేశాడు. “లే అక్కా. లే, నేను కొడతాను. అది తీసేసేలోపు పంపాలి. నువ్వు చెప్తూ ఉండు, రెండు నిమిషాల్లో వెళ్ళిపోతుంది. నీ వేలితో అయితే సాయంత్రమవుతుంది.”

“లేవండి వదినా,” అని మరదలు భుజం పట్టుకుంది. “ఇప్పుడు పంతాలొద్దు. ఆయన చేత కొట్టించండి.”

కత్తెరమ్మ లేవలేదు. తల తిప్పి తమ్ముడి మొహంలోకి చూసింది. ఇందాక చూసినప్పటి కంటే నింపాదిగా చూసింది.

“నీకు ముందే తెలుసు కదరా.”

వాడు కీబోర్డు వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“చదివినప్పుడే చూశావు. కాగితాలు సర్దుకున్నావు.”

“నువ్వే మాట్లాడనివ్వలేదు,” అన్నాడు నేలకేసి చూస్తూ.

“వదినా, టైము,” అంది మరదలు. ఆవిడ ఏడుస్తోంది.

“వీడు కొడితే వీడి మాటలే అనుకుంటుంది,” అంది కత్తెరమ్మ. “నా వేలితో కొడితేనే నమ్ముతుంది. తప్పుకోండి ఇద్దరూ.”

వంకర బాణం నొక్కింది. ఈసారి పైనున్న చిరునామా వైపు చాలాసేపు చూసింది. తర్వాత కీబోర్డు మీదికి వంగి, మొదటి అక్షరం ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టింది.